పేరు ఒకటే, సిగార్లు రెండు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చిన బంధువు ఒక మాంటెక్రిస్టో సిగార్ల పెట్టె ఇచ్చారు. మాంటెక్రిస్టో క్యూబా బ్రాండ్ అని చదివాను. పెట్టె అడుగున మాత్రం డొమినికన్ రిపబ్లిక్ అని ఉంది. ఆయన్ని ఎవరైనా మోసం చేశారా? క్యూబా పేర్లు వేరే దేశాలవాళ్లు ఎలా వాడుకుంటున్నారు?

జవాబు: మోసమేమీ లేదు. మీ దగ్గరున్నది క్యూబా సిగార్ కాదు, అలాగని నకిలీ కూడా కాదు. అమెరికాలో ఆ పేరు మీద చట్టప్రకారం హక్కున్న కంపెనీ డొమినికన్ రిపబ్లిక్‌లో చేయించి అమ్ముతున్న సరుకు అది. ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానికి ఆ దేశంలోనే చెల్లుతుంది. ఒకే పేరుకు హవానాలో ఒకరు, న్యూయార్క్‌లో మరొకరు యజమానులుగా ఉండొచ్చు. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

1960 సెప్టెంబర్ 15న, విప్లవంతో అధికారంలోకి వచ్చిన ఫిడెల్ క్యాస్ట్రో ప్రభుత్వం క్యూబాలోని సిగార్ కంపెనీలను స్వాధీనం చేసుకుంది. ఫ్యాక్టరీలు, ఆకు నిల్వలు, బ్రాండ్ పేర్లు అన్నీ సర్కారు పరమయ్యాయి. మాంటెక్రిస్టో, హెచ్. ఉప్‌మన్ బ్రాండ్లు మెనెండెస్, గార్సియా కుటుంబాలవి. పార్తగాస్ సిఫుయెంతెస్ కుటుంబానిది. ఓయో దె మాంటెరే, పంచ్ ఫెర్నాండో పలీసియోవి. వీళ్లు దేశం విడిచి వెళ్లారు. ప్రభుత్వం నియమించిన అధికారులు అవే ఫ్యాక్టరీల్లో, అవే పేర్లతో సిగార్లు చుట్టించి, ఎప్పటిలాగే అమెరికా దిగుమతిదారులకు పంపుతూ వచ్చారు.

పాత యజమానులు న్యూయార్క్ కోర్టుకెక్కారు. సరుకు డబ్బు ఎవరికి చెందాలి, పేరు ఎవరిది అన్నది వివాదం. 1972లో ఫెడరల్ కోర్టు రెండింటినీ విడదీసి చూసింది. స్వాధీనానికి ముందు పంపిన సరుకు డబ్బు పాత యజమానులది, తర్వాత పంపినదాని డబ్బు క్యూబాది అంది. పేర్ల విషయంలో మాత్రం, అమెరికాలో రిజిస్టరైన ట్రేడ్‌మార్కులు అమెరికాలో ఉన్న ఆస్తి కాబట్టి క్యూబా ప్రభుత్వ ఉత్తర్వు వాటిని తాకదని తేల్చింది. డబ్బు లెక్కల్లో మిగిలిన ఒక చిక్కు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1976లో తేలింది. పేర్లు పాత యజమానుల దగ్గరే నిలిచాయి.

ఈలోగా 1962 ఫిబ్రవరి 7 నుంచి అమెరికా వాణిజ్య నిషేధం అమలులోకి వచ్చింది. క్యూబా సరుకు అమెరికా గడప తొక్కే వీలు లేకుండా పోయింది. ప్రవాసంలో ఉన్న యజమానుల చేతిలో పేరుంది, ఫ్యాక్టరీ లేదు. దాంతో హక్కులు అమ్మడమో, లైసెన్సుకు ఇవ్వడమో చేశారు. పలీసియో బ్రాండ్లు విల్లాసోన్ కంపెనీ చేతికి వచ్చి హోండురాస్‌లో తయారవడం మొదలైంది. పార్తగాస్ జనరల్ సిగార్ అనే అమెరికా కంపెనీకి చేరి జమైకాలో, ఆ తర్వాత డొమినికన్ రిపబ్లిక్‌లో తయారైంది. మాంటెక్రిస్టో, ఉప్‌మన్ చేతులు మారి ఆల్టాడిస్ అనే పొగాకు కంపెనీ అమెరికా విభాగానికి చేరాయి. మెనెండెస్ కుటుంబం కెనరీ దీవుల్లో కొన్నాళ్లు మాంటెక్రూస్ అనే దగ్గరి పేరుతో కూడా సిగార్లు చేసింది. అమెరికా బయట చాలా దేశాల్లో మాత్రం ఆ పాత పేర్లన్నీ క్యూబా సంస్థ చేతిలోనే ఉన్నాయి. 1994 నుంచి ఆ అమ్మకాలను హబానోస్ ఎస్.ఎ. అనే సంస్థ చూస్తోంది.

ప్రశ్న: కొహీబా కూడా ఇలాగే రెండైందా?

జవాబు: కాదు. ఈ రెండు కథలను ఒకే గాటన కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అది పొరపాటు. కొహీబా విప్లవం తర్వాత పుట్టిన బ్రాండ్. దేశం విడిచి వెళ్లిన యజమాని ఎవరూ దానికి లేరు. 1966లో హవానాలోని ఎల్ లగీతో ఫ్యాక్టరీలో మొదలైంది. మొదట్లో క్యాస్ట్రో కోసం, విదేశీ నాయకులకు కానుకలుగా ఇవ్వడం కోసం చేసేవారు. బజారులోకి వచ్చింది 1982లో. అప్పటికే జనరల్ సిగార్ 1978లో దరఖాస్తు పెట్టి, 1981లో అమెరికాలో ఆ పేరు రిజిస్టర్ చేయించుకుంది.

1997లో ఆ కంపెనీ కొత్త కొహీబాను గట్టిగా బజారులోకి దింపింది. అదే ఏడాది క్యూబా ప్రభుత్వ పొగాకు సంస్థ క్యూబటబాకో దావా వేసింది. 2004లో గెలిచింది, 2005లో అప్పీలు కోర్టులో ఓడింది. పేరును క్యూబా సంస్థకు అప్పగించడమంటే ఆస్తి బదలాయింపే, నిషేధ చట్టం దాన్ని ఒప్పుకోదన్నది ఆ కోర్టు చెప్పిన కారణం. 2006లో సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది. 2022 డిసెంబర్‌లో అమెరికా ట్రేడ్‌మార్క్ ట్రిబ్యునల్ మాత్రం జనరల్ సిగార్ రిజిస్ట్రేషన్లు రద్దు చేయాలని తీర్పు ఇచ్చింది. క్యూబాలో ఆ పేరు వాడకంలో ఉందని తెలిసే రిజిస్టర్ చేయించుకున్నారని, 1929 నాటి పాన్ అమెరికన్ ఒప్పందం ప్రకారం అది చెల్లదని అంది. దాని మీద కంపెనీ ఫెడరల్ కోర్టుకు వెళ్లింది.

మాంటెక్రిస్టో విషయంలో ఇరుపక్షాలకూ చెప్పుకోదగ్గ వాదన ఉంది. కొహీబా విషయంలో మాకు క్యూబా వాదనే బలంగా కనిపిస్తుంది.

ప్రశ్న: చేతిలో ఉన్నది ఎక్కడిదో చూసి చెప్పడం ఎలా?

జవాబు: ముందు సిగార్‌కు చుట్టిన కాగితం పట్టీ చూడండి. క్యూబా మాంటెక్రిస్టో పట్టీ మీద పేరుతోపాటు హబానా అని ఉంటుంది, డొమినికన్ దాని మీద ఉండదు. క్యూబా కొహీబా పట్టీలో నల్లని భాగంలో తెల్లని చిన్న చదరాల వరుసలు, కింద పసుపు రంగు, లా హబానా, క్యూబా అన్న అక్షరాలు ఉంటాయి. అమెరికాలో అమ్మే కొహీబాకు పేరులోని గుండ్రటి అక్షరం మధ్య ఎర్రటి చుక్క గుర్తు.

పట్టీ అచ్చు వేయడం తేలిక, అందుకే పెట్టె కూడా చూడాలి. క్యూబా పెట్టె ముందువైపు ఎడమ పక్కన ఆకుపచ్చ హామీ ముద్ర కాగితం అంటించి ఉంటుంది. దాని మీద వరుస సంఖ్య ఉంటుంది, 2010 ప్రాంతం నుంచి బార్‌కోడ్, హోలోగ్రామ్ కూడా చేరాయి. కుడివైపు పై మూలన హబానోస్ అని రాసిన ఏటవాలు స్టికర్ ఉంటుంది. పెట్టె తిప్పితే అడుగున మూడు మాటలు వేడి ముద్రతో చెక్కలోకి దిగి కనిపించాలి: హబానోస్ ఎస్.ఎ., హెచో ఎన్ కూబా, తోతల్‌మెంతె ఎ మానో. వేలితో తడిమితే గుంట తెలుస్తుంది. సిరాతో అచ్చేసినట్టు చదునుగా ఉంటే అనుమానించాలి.

ఆ పక్కనే ఫ్యాక్టరీ సంకేతం, పెట్టెలో సర్దిన నెల, ఏడాది సిరా ముద్రగా ఉంటాయి. నెలలు స్పానిష్ పొట్టి రూపాల్లో వేస్తారు: జనవరికి ఎనె, ఆగస్టుకు అగో, డిసెంబర్‌కు దిక్. ఆ చోట ఇంగ్లీషు నెల కనిపిస్తే పెట్టె పక్కన పెట్టేయండి. గాజు మూతతో వచ్చే కొహీబా పెట్టెలు పర్యాటకుల కోసం చేసే నకిలీలు. క్యూబా సంస్థ అలాంటివి చేయదు.

ప్రశ్న: పేరు ఒకటే కదా, రుచి కూడా దగ్గరగా ఉంటుందా?

జవాబు: ఉండదు. ఉంటుందనుకుని కొనేవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. క్యూబా సిగార్‌లో లోపలి ఆకు, దాన్ని కట్టి ఉంచే ఆకు, పై ఆకు మూడూ క్యూబాలో పండినవే. పేరున్న ఆకు ఎక్కువగా పినార్ దెల్ రియోలోని వుయెల్తా అబాహో ప్రాంతం నుంచి వస్తుంది. అమెరికాకు వెళ్లే సిగార్‌లో క్యూబా ఆకు వాడటానికి వీల్లేదు, వేరే దేశంలో చుట్టినా సరే. రెండు మాంటెక్రిస్టోల మధ్య ఉమ్మడి ఆకు ఒక్కటీ ఉండదన్నమాట.

డొమినికన్ మాంటెక్రిస్టో పాత రకానికి లేత రంగు కనెటికట్ రకం పై ఆకు వాడతారు. దాని పొగ మెత్తగా, వెన్నలా ఉంటుంది. క్యూబా మాంటెక్రిస్టో అంతకంటే ఘాటు, మట్టి వాసన ఎక్కువ. అమెరికా పార్తగాస్‌కు, ఎర్ర చుక్క కొహీబాకు కామెరూన్ పై ఆకు. సిగార్ సైజును సూచించే నంబర్లను కూడా నమ్ముకోవద్దు. క్యూబా మాంటెక్రిస్టో నంబర్ 2 పొడవు 156 మిల్లీమీటర్లు, మందం 52 రింగ్, అంటే దాదాపు 20.6 మిల్లీమీటర్లు. రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు. వేరే దేశపు పెట్టె మీద అదే నంబర్ ఉన్నా టేపుతో కొలిచి చూసుకోవాల్సిందే.

ప్రశ్న: డేవిడాఫ్ క్యూబాలో కూడా తయారవుతుందా?

జవాబు: ఒకప్పుడు తయారయ్యేది, ఇప్పుడు లేదు. ఆ పేరు క్యూబా ప్రభుత్వానిది కాదు, డేవిడాఫ్ అనే స్విట్జర్లాండ్ కంపెనీదే. నాణ్యత విషయంలో గొడవ వచ్చి డేవిడాఫ్ డొమినికన్ రిపబ్లిక్‌కు మారినప్పుడు పేరు కూడా దాంతోనే వెళ్లిపోయింది. అందుకే అది రెండుగా చీలలేదు.

ప్రశ్న: క్యూబాలో కొన్న సిగార్లు అమెరికాకు తీసుకెళ్లొచ్చా?

జవాబు: కుదరదు. 2015 జనవరిలో 100 డాలర్ల విలువ వరకు అనుమతించారు, 2016 అక్టోబర్‌లో సొంత వాడకానికైతే ఆ పరిమితి కూడా తీసేశారు. 2020 సెప్టెంబర్‌లో మళ్లీ పూర్తిగా ఆపేశారు. మధ్యలో ఉన్న సడలింపుల గురించి చదివి ఇప్పటికీ వెంట తీసుకెళ్లేవాళ్లున్నారు. అమెరికా కస్టమ్స్ వాళ్లు వాటిని లాగేసుకుంటారు.

ప్రశ్న: పెట్టె మీద క్యూబన్ సీడ్ అని ఉంటే అది సగం క్యూబా సిగార్ అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. ఆ మొక్క వంశం క్యూబా విత్తనానిదని మాత్రమే దాని అర్థం. ఆకు నికరాగువాలోనో, హోండురాస్‌లోనో, ఈక్వడార్‌లోనో పండి ఉంటుంది. నేల, వాన, ఆరబెట్టే తీరు మారితే అదే విత్తనం వేరే ఆకునిస్తుంది. వాటిలో మంచి సిగార్లు చాలా ఉన్నాయి, నచ్చితే కొనుక్కోండి. క్యూబా ధర మాత్రం ఇవ్వకండి.