చెక్క చెక్కడం కొత్తగా మొదలుపెట్టేవారు ఏ ఉలుల సెట్ కొనాలి?

12 ఉలుల చవక సెట్ వద్దు. అందులో సగం ముట్టుకోరు, మిగతా సగం పదును నిలవదు. విడిగా నాలుగైదు చాలు: 4 సెం.మీ. అలుగున్న చెక్కుడు కత్తి, దాదాపు చదునుగా ఉండే 3వ నంబరు వంపు ఉలి (12 మి.మీ.), లోతుగా తవ్వడానికి 8 లేదా 9వ నంబరు (10 మి.మీ.), గీతలకు 60 డిగ్రీల వి-ఉలి (6 మి.మీ.). నంబరు పెరిగేకొద్దీ వంపు లోతవుతుంది, మిల్లీమీటర్లు వెడల్పుకు. చేత్తో పట్టే చిన్న బొమ్మలకైతే కత్తి ఒక్కటే కొన్నాళ్లు సరిపోతుంది.

మిగిలిన డబ్బు పదునుకు పెట్టండి: 1000 గ్రిట్ (రాయి గరుకుదనాన్ని తెలిపే అంకె) సానరాయి, తోలు పట్టీ, దానికి పూసే పాలిషింగ్ పేస్టు. తోలు మీద ఉలిని వెనక్కే లాగాలి. ముందుకు తోస్తే తోలు తెగుతుంది, చివర్లో పైకెత్తితే అంచు గుండ్రబడి మొద్దుబారుతుంది. మెత్తని చెక్కపై నారకు అడ్డంగా కోసి చూడండి. కోత నున్నగా మెరిస్తే పదును కుదిరినట్టే. తెల్లటి చార కనిపిస్తే అంచులో గంటు ఉంది, మళ్లీ సానపట్టాలి. నార చిరుగుతుంటే ముందు పదునునే అనుమానించండి, చెక్కను తర్వాత.

ఉలితో పనిచేసేటప్పుడు చెక్కను క్లాంపుతో బిగించి, రెండు చేతులూ అంచుకు వెనకే ఉంచండి.