నీ హీరో ఎవరో నాకు చెప్పకు

అమ్మాయ్,

నీ నవల అందింది, ముందుమాటతో సహా. ముందుమాటే ముందు చదివాను, అక్కడే పొరపాటు జరిగింది. ఆరు పేజీలు రాశావు దాన్ని. నీకు ప్రేరణ ఎక్కడ దొరికింది, అతను క్లాసులో ఏ బెంచీలో కూర్చునేవాడు, ఎలా నవ్వేవాడు, ఇప్పుడు ఏం ఉద్యోగం చేస్తున్నాడు, పెళ్లయిందా లేదా, అన్నీ. "ఇది నా జీవితంలో నిజంగా జరిగిన కథ మేడమ్" అని లావు అక్షరాల్లో మళ్లీ ఒకటి. అదంతా చదివి నవల తెరిస్తే మొదటి పేజీలోనే అతగాడు నవ్వుతూ వచ్చాడు. నాకు హీరో కనపడలేదమ్మా, నీ క్లాస్‌మేట్ కనపడ్డాడు. అతనితో నాకేం పని?

చిరాకేసి పక్కన పెట్టేశాను. రెండు రోజులయ్యాక, చదవలేదని నీకు చెప్పడానికి మొహం చెల్లక మళ్లీ తీశాను. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయాను.

ఆ అమ్మాయి రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. "చేరావా" అని టైప్ చేసి చెరిపేస్తుంది. "తిన్నావా" అని కొట్టి అదీ చెరిపేస్తుంది. ఆఖరికి "నీ ఛార్జర్ ఇక్కడే మర్చిపోయావు" అని పంపుతుంది. రెండు లైన్ల తర్వాత, ఏ హడావుడీ లేకుండా, ఆ ఛార్జర్ తనదేనని రాశావు. అటు నుంచి అతను "అవును, రేపొచ్చి తీసుకుంటా" అంటాడు. అతని ఛార్జర్ అతని మంచం పక్కనే గోడకి ఉంది, ఫోన్ దానికే తగిలించి ఉంది. అది చదివి నేను కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకు అంత తేలిగ్గా కళ్లు తడవవు.

సరే, అంత బాగా రాసినదానివి తర్వాతి వాక్యం ఏం రాశావ్? "ఆమె గుండె లోతుల్లో దాచుకున్న మాటల్లో చెప్పలేని ప్రేమకు ఆ ఛార్జర్ ఒక సాకు మాత్రమే." ఎవరడిగారు నిన్ను? మాకు తెలీదా? ఆ రెండు అబద్ధాలూ పక్కపక్కన పెట్టి నువ్వు తప్పుకుని ఉంటే, మిగిలింది మేం చూసుకునేవాళ్లం. నువ్వేమో మధ్యలోకి దూరి, చదివేవాళ్ల చెయ్యి పట్టుకుని "ఇదిగో ఇక్కడ ఏడవండి" అని చూపించావు. ఆ వాక్యం మీద నిలువునా గీత పెట్టాను. నీ ఆరు పేజీల ముందుమాట మీద కూడా. రెండింటికీ ఒకటే జబ్బు.

నా గోల ఒకటే, ముప్పై ఏళ్లుగా కనపడిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను, వినేవాళ్లు తక్కువ. ప్రేమకథలో ఒక కుర్చీ ఖాళీగా ఉండాలి. చదివే మనిషి అక్కడ తన మనిషిని కూర్చోబెట్టుకుంటుంది. ఎవరన్నది ఆమె ఎవరికీ చెప్పదు, కట్టుకున్నవాడికీ చెప్పదు, ఒక్కోసారి తనకి తాను కూడా ఒప్పుకోదు. నువ్వు ప్రేరణ పేరుతో ఆ కుర్చీలో నీ క్లాస్‌మేట్‌ని కూర్చోబెట్టేస్తే ఇంక ఆవిడ తన మనిషిని తీసుకుని ఎక్కడికి పోవాలి?

ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, ఒకావిడ మనసు కష్టపెట్టి నేర్చుకున్నాను. నా రెండో నవల్లో ఒక మనిషి ఉంటాడు. వానలో ఆ అమ్మాయి గొడుగు లేకుండా వెళ్తుంటే, తన గొడుగు ఇవ్వడానికి ధైర్యం చాలక, తనూ గొడుగు ముడిచేసి పది అడుగులు వెనకాల తడుస్తూ నడుస్తాడు. అంతే సీను, పేజీ కూడా ఉండదు. పుస్తకం వచ్చిన కొత్తలో ఒక సభ పెట్టారు. అందరూ వెళ్లిపోయేదాకా వెనక వరసలో కూర్చుని, ఒకావిడ నెమ్మదిగా నా దగ్గరికొచ్చింది. నాకంటే పెద్దావిడ. పుస్తకం అట్ట నలగకుండా కాగితం చుట్టి తెచ్చుకుంది. "ఆ గొడుగు మనిషి నిజంగా ఉన్నాడా అండీ?" అంది. నాకప్పుడు ముప్పై ఏళ్లు, ఒక పాఠకురాలు అలా అడగడం మహా గర్వంగా ఉంది. ఉన్నాడండీ అని మొదలుపెట్టి, మా పాత ఆఫీసులో గుమాస్తా అని, బట్టతల అని, ఇప్పుడు ఇద్దరు పిల్లలని, అస్తమానూ అందరి మీదా విసుక్కుంటూ ఉంటాడని నవ్వుతూ చెప్పుకుంటూ పోయాను. ఆవిడ "ఓహో" అంది. కాసేపు నిలబడి, కాగితం మళ్లీ చుట్టుకుని, సంతకం పెట్టించుకోకుండానే వెళ్లిపోయింది.

ఆ రాత్రికి గానీ నాకు బుర్ర వెలగలేదు. ఆవిడ వెనకాల ఎప్పుడో ఎవరో తడుస్తూ నడిచి ఉంటారు. లేకపోతే అలా ఎవరైనా నడిస్తే బాగుండునని ఆవిడ అనుకుని ఉంటుంది. ఆవిడకి కావాల్సిన జవాబు "మీకెవరు కనపడ్డారో వారే" అన్న ఒక్క ముక్క. నేను మా గుమాస్తాని చేతిలో పెట్టి పంపించాను.

ఇందులో ఎడిటర్ల పాపం కూడా ఉందిలే. అదే నవల సీరియల్‌గా వేసినప్పుడు, నేను ఎక్కడా మొహం వర్ణించని ఆ మనిషికి ఉంగరాల జుట్టు, కోరమీసం, కోటు తగిలించి బొమ్మ వేయించాడు ఒకాయన. వానలో కోటు! ఇదేంటండీ అంటే "పాఠకులకి మొహం కావాలమ్మా" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలన్నీ జుట్టు గురించే. ఇంకో ఎడిటర్ మరీ ఘనుడు. "మీ సొంత కథేనా? అయితే పైన వేసేద్దాం, గిరాకీ ఉంటుంది" అన్నాడు. కాదంటే, "కాకపోయినా వేద్దాం" అన్నాడు. ఆయనకి నేను మళ్లీ కథ పంపలేదు. ఆయన కూడా ఏమీ బెంగపెట్టుకున్నట్టు లేదు. ఇప్పుడు నీ ముందుమాటలో ఆ లావు అక్షరాలు చూస్తే ఆయనే మళ్లీ పుట్టాడనిపించింది.

ఈకాలం ఫ్యాషన్ ఇంకోటి ఉంది. కథ కంటే ముందు దాని రకం చెప్పేయడం. ఇది శత్రువులు ప్రేమించుకునే రకం, ఇది ఉత్తుత్తి పెళ్లి రకం, ఇది ఒకే గదిలో ఇరుక్కుపోయే రకం అని సీసాల మీద చీటీల్లా. నువ్వు కూడా నీ ఉత్తరంలో మూడు చీటీలు అంటించి పంపావు. ఆ రకాలు చెడ్డవని నేననను, వాటిలో కొన్ని నేనూ రాశాను. అయితే నీ ఛార్జర్ సీను ఏ చీటీ కిందకి వస్తుంది చెప్పు?

నువ్వు అడిగావుగా, "మీకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది మేడమ్" అని. నాకు అర్థం కానిదాన్నుంచి వస్తుంది. ఒకసారి ఆసుపత్రి వరండాలో ఒక ముసలాయన భార్యకి పేపర్ చదివి వినిపిస్తున్నాడు. ఆవిడ నిద్రపోయింది. ఆయన చూశాడు, చూసి కూడా చదవడం ఆపలేదు, గొంతు మాత్రం తగ్గించాడు. ఎందుకు ఆపలేదు? నాలుగేళ్లు నన్ను తిన్నది ఆ ప్రశ్న. దానికోసం ఒక నవలంతా రాశాను, అందులో ముసలాయనా లేడు, పేపరూ లేదు. చూశావా, చెప్పకూడదంటూనే చెప్పేశాను. ఏ నవలో మాత్రం చెప్పను. నీ క్లాస్‌మేట్ గురించి నీకు అన్నీ తెలుసు, చిక్కంతా అక్కడే ఉంది. అతనిలో నీకు ఇప్పటికీ అంతుపట్టని ముక్క ఏదైనా ఉంటే అది ఒక్కటి ఉంచుకుని మిగతా మనిషిని వదిలెయ్.

పాఠకులకి దగ్గరవడం ఎలా అని నీ రెండో ప్రశ్న. రోజూ ఏం పోస్ట్ పెట్టాలి, లైవ్‌లు చెయ్యాలా, హీరో ఎవరో క్విజ్ పెట్టనా అని. క్విజ్ పెట్టావంటే నాకు ఉత్తరం రాయకు.

ఇంగ్లీషు నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీ సంగతి చెబుతాను. ఆమె "విలెట్" నవల 1853లో వచ్చింది. చివర్లో హీరో ఓడలో తిరిగొస్తుంటాడు, తుఫాను లేస్తుంది, చేరాడో లేదో ఆవిడ తేల్చలేదు. విషాదాంతాలు తనకి పడవని, ఇద్దరూ సుఖపడేలా ముగించమని వాళ్ల నాన్న గట్టిగా అడిగాడట. ఆవిడ మనసులో కథ అప్పటికే అయిపోయింది, మార్చలేదు. తండ్రి మాట తీసెయ్యనూ లేదు, పైన ఒక తెర కప్పి వదిలింది. పుస్తకం వచ్చాక ఇద్దరు పాఠకురాళ్లు ఆ హీరో బతికాడా పోయాడా కచ్చితంగా చెప్పమని రాశారు. ఆవిడ వాళ్లకి జవాబు రాసింది, రాసి కూడా సంగతి ఎక్కడిదక్కడే ఉండేలా రాసింది. వాళ్లకి ఆ చిక్కుముడి సరదాగా ఉన్నప్పుడు తాళంచెవి ఇచ్చేసి ఆట చెడగొట్టడం దేనికి అనుకుంది. మర్యాద మర్యాదే, కుర్చీ కుర్చీయే. నాకు ఆవిడ ముందే దొరికి ఉంటే ఆ గొడుగావిడ సంతకం పెట్టించుకుని వెళ్లేది.

ఇంకో ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్ చేసిన పని ఇంకా నచ్చుతుంది నాకు. "మాన్స్‌ఫీల్డ్ పార్క్", "ఎమ్మా" నవలల గురించి ఇంట్లోవాళ్లు, తెలిసినవాళ్లు ఏమన్నారో మనిషి పేరూ మాటా కలిపి తన చేత్తో రాసి పెట్టుకుంది. కన్నతల్లే "మాన్స్‌ఫీల్డ్ పార్క్" హీరోయిన్ చప్పగా ఉందంది, అది రాసుకుంది. ఒకావిడ అంతకుముందు నవలలు శుద్ధ చెత్త అంది, ఇందులో మొదటి భాగం అయిపోయింది కాబట్టి గండం గడిచినట్టే అంది, అదీ రాసుకుంది. పక్కన తన వాదన ఒక్క ముక్క లేదు. నువ్వు రెండు చోట్ల తిరగ్గొట్టారని ఏడ్చావు కదా, ఆస్టిన్ తండ్రి 1797లో కూతురి నవల వేస్తారా అని ఒక ప్రచురణకర్తకి రాస్తే ఆయన చూడను కూడా చూడకుండా వద్దన్నాడు. "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్"గా మారింది ఆ రాతప్రతేనంటారు, అచ్చయింది 1813లో. పదహారేళ్లు. నీకింకా పదహారు నెలలు కాలేదు.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఎవరైనా నీ కథ చదివి ఏ వాక్యం గుర్తుచేసుకున్నారో అది రాసుకో. "చాలా బాగుంది" లాంటివి వద్దు, వాళ్ల నోట్లో మిగిలిన వాక్యం. నేను మూడు వారాలు చెక్కిన వెన్నెల వర్ణన ఇంతవరకు ఒక్కళ్లు నాకు తిరిగి చెప్పలేదు. గొడుగు ముడిచాడని మాత్రం కనీసం వందమంది అని ఉంటారు. అందులో కొందరు ఆ గొడుగుని ఎర్ర గొడుగు అంటారు. నేను రంగు రాయలేదు. ఎర్ర గొడుగే అంటే, అవునండీ అంటాను.

ఉత్తరం రాసినవాళ్లకి జవాబివ్వు, ఆలస్యమైనా సరే. జవాబులో నీ గురించి తగ్గించు. సుఖాంతం పెట్టాలా అన్నావు. రొమాన్స్ అని చెప్పి అమ్మితే పెట్టాలి, చివరి పేజీలో వాణ్ని చంపేస్తే చదివినవాళ్లు తిడతారు, తిట్టాలి కూడా. కలం పేరు, అట్ట మీద బొమ్మ, ఎన్ని భాగాలు వెయ్యాలి, ఇవన్నీ నవల పూర్తయ్యాక అడుగు.

నలభై ఒకటో పేజీ ఒక్కటే నీకు తిప్పి పంపుతున్నాను, ఆ ఒక్క వాక్యం కొట్టేసి. మిగతా పేజీలు నా దగ్గరే ఉన్నాయి. ముందుమాట తీసేసి మళ్లీ పంపితే అప్పుడు మొదటి నుంచి చదువుతాను, అతను ఎవరో మర్చిపోవడానికి నాకూ కాస్త టైమ్ పడుతుంది.

ఇంకోటి, మూడో అధ్యాయంలో అతని ఫోన్ నీళ్లలో పడి పూర్తిగా పాడైపోయింది. ఏడో అధ్యాయంలో అదే ఫోన్‌లో పాత ఫోటోలు చూసుకుంటున్నాడు. సరిచూసుకో.