ట్యూషన్ బయట పోయిన గేర్ సైకిల్ గురించి

అక్కా, దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ బయట పెట్టిన గేర్ సైకిల్ పోయిందని, పదో తరగతి బాబు రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదని రాశారు. ముందు బిల్లు వెతకండి, ఫ్రేమ్ నంబర్ దాని మీద ఉండొచ్చు. సైకిల్ తిరగేస్తే పెడళ్ల మధ్య గొట్టం అడుగున చెక్కి ఉంటుందే, అదే. మట్టి, గ్రీజు పట్టి చాలామందికి కనిపించనే కనిపించదు.

బాబును కూడా స్టేషన్‌కి తీసుకెళ్లి, ఫిర్యాదు వాడి మాటల్లోనే రాయించండి. ధర తప్పకుండా రాయండి. 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టాల ప్రకారం 5,000 రూపాయల లోపు దొంగతనమైతే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేరు. గేర్ సైకిల్ అంతకు మించే ఉంటుంది కదా. పక్క షాపుల సీసీ కెమెరా ఫుటేజీ ఈరోజే అడగండి, రోజులు గడిస్తే చెరిగిపోతుంది.

పాత సామాన్లు అమ్మే ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మేరాత్ బజార్ ఒక చుట్టు తిరిగి రండి. కనబడితే గొడవకు దిగొద్దు, 112కి ఫోన్ చెయ్యండి.

ఇంకోటి, "తాళం వేశావా లేదా" అని వాడిని మళ్లీ మళ్లీ అడగకండి. నేను అడిగాను. మా వాడు నెల రోజులు ఆ తాళంచెవి జేబులోనే పెట్టుకు తిరిగాడు.