పాలిప్ తీసిన మూడో రోజు నొప్పి, జ్వరం: గ్యాస్ అనుకోవద్దు

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. పెద్దపేగులో కుడివైపున్న 2 సెంటీమీటర్ల పాలిప్‌ను (పేగు లోపలి గోడపై పెరిగే కండ) మూడు రోజుల కింద వరంగల్‌లో కొలనోస్కోపీతో (మలద్వారం గుండా గొట్టం పంపి పేగు లోపల చూసే పరీక్ష) తీసేశారు. నిన్నటి నుంచి అదే వైపు నొప్పి, 101 జ్వరం. మలంలో రక్తం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని చెప్పి నొప్పి ఇంజక్షన్ ఇచ్చారు. రెండు రోజులు చూడొచ్చా? – ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: చూడొద్దు, ఈరోజే తీసుకెళ్లండి. పరీక్షప్పుడు పేగులోకి పంపిన గాలితో వచ్చే ఉబ్బరం మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది. రెండో రోజు మొదలై, జ్వరం తోడైన నొప్పిని గ్యాస్ అనడానికి లేదు.

పెద్ద పాలిప్‌ను సాధారణంగా తీగ ఉచ్చుతో బిగించి కరెంటు వేడితో కోస్తారు. కుడివైపు పేగు గోడ పల్చన. వేడి ఎక్కువైతే గోడ దాటి బయటి పొర దాకా కాలుతుంది. రంధ్రం పడకున్నా నొప్పి, జ్వరం వస్తాయి, తెల్ల రక్తకణాలు పెరుగుతాయి. దీన్నే పోస్ట్ పాలిపెక్టమీ సిండ్రోమ్ అంటారు. ఎక్కువగా 5 రోజుల్లోపే బయటపడుతుంది. మీ నాన్నగారిది ఇదే కావచ్చు. కానీ కాలిన చోట ఆలస్యంగా రంధ్రం పడినా మొదట్లో అచ్చం ఇలాగే ఉంటుంది. రెంటినీ విడదీసి చెప్పేది సీటీ స్కాన్. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదని ఊరుకోకూడదు, చిన్న రంధ్రం అందులో దొరక్కపోవచ్చు. రంధ్రం లేకుంటే సెలైన్, యాంటీబయాటిక్స్‌తో, పేగుకు విశ్రాంతినిస్తే చాలామందికి కొద్ది రోజుల్లో నయమవుతుంది. ఉంటే క్లిప్ వేయాలా, ఆపరేషన్ చేయాలా అన్నది సర్జన్ చూసి చెబుతారు.

బయల్దేరేముందు జావ కూడా తాగించొద్దు. ఎనిమా, విరేచనాల మందు అసలే వద్దు. మళ్లీ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజక్షన్ వేయించొద్దు. నిన్న ఇచ్చిన మందు పేరు అడిగి రాసుకోండి. షుగర్ ఉంటే, తిండి లేనప్పుడు మందు ఎంత వేయాలో ఆస్పత్రిలోనే అడగండి. కొలనోస్కోపీ రిపోర్టు, వాడే మందుల చీటీ వెంట ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. పాలిప్ తీసిన డాక్టర్ అందుబాటులో లేకుంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

రక్తం ఇప్పటిదాకా పడలేదు, మంచిదే. అయితే కాలిన చోట కట్టిన పొక్కు ఊడేటప్పుడు, రెండు వారాల దాకా కూడా పడొచ్చు. గడ్డలుగా పడినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. ఇంకొకటి చాలా అరుదు, అందుకే తరచూ ఎవరికీ తట్టదు: కొలనోస్కోపీ గొట్టం ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం, స్ప్లీన్) పక్కన మలుపు తిరిగేటప్పుడు లాగుడుకు ప్లీహం చిట్లడం. ఎడమ డొక్కలో నొప్పి, దాంతోపాటు ఎడమ భుజం గుంజడం, నీరసం దాని గుర్తులు. అలా ఉంటే కొలనోస్కోపీ అయిందన్న మాట డాక్టర్‌కు మీరే మొదట చెప్పాలి.

నాన్నగారు కోలుకున్నాక ఆ పాలిప్ బయాప్సీ రిపోర్టు తప్పక తీసుకోండి. మళ్లీ కొలనోస్కోపీ ఎప్పుడన్నది దాన్ని చూసే చెబుతారు.