ముసురు పట్టకముందే మొదలుపెట్టు

చిరంజీవి నాయనకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ వానాకాలం తుపాను రాత్రుల్లో, తిరుపతిలో రోడ్డు మీద పడుకునేవాళ్ళకి తలదాచుకునే చోటు ఏర్పాటు చేయాలని నువ్వూ నీ స్నేహితులూ అనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే ప్రాణం లేచొచ్చింది. ఏళ్ళ తరబడి ఈ పనిలో తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

హాలు దొరకడం, అన్నం వండించడం పెద్ద కష్టం కాదు. అన్నదానమంటే ఈ ఊళ్ళో కాదనేవాళ్ళు తక్కువ. తలుపులు తెరిచి కూర్చున్నాక మనుషులు రాకపోవడమే అసలు కష్టం. జోరు వానలో ముక్కూమొహం తెలియని కుర్రాళ్ళు నలుగురు వ్యాన్ దిగి "ఎక్కండి, ఎక్కండి" అంటే ఎవరెక్కుతారు? ఊరవతల దింపేసి పోతారన్న భయం వాళ్ళలో చాలామందికి ఉంటుంది. అందుకని అల్పపీడనం కబురు వచ్చేదాకా ఆగొద్దు. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మీరు సెప్టెంబరులోనే తిరగడం మొదలుపెట్టాలి. రాత్రి పది దాటాక రైల్వేస్టేషన్ ముందు, ఆర్టీసీ బస్టాండు, గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధులు, రుయా ఆసుపత్రి బయట, అలిపిరి రోడ్డు. ప్రతిసారీ అదే మనుషులు వెళ్ళండి, మొహాలు గుర్తుండాలి.

మన ఊళ్ళో ఇంకో చిక్కుంది. మెట్ల మీద పడుకున్న గుండు మనిషి దర్శనానికి వచ్చాడో, ఇల్లే లేనివాడో చూపుకి తెలియదు. నాలుగు రాత్రులు అదే చోట కనిపిస్తే తెలుస్తుంది. కొందరికి తమిళం, కొందరికి హిందీ, ఒడియా తప్ప రావు. మీలో తమిళం బాగా వచ్చినవాళ్ళని ముందుంచు.

కూర్చుని మాట్లాడితే రాకపోవడానికి కారణాలు వాళ్ళే చెప్తారు. మూట పోతుందని ఒకరు. తను లేస్తే గోడవార ఆ చోటు ఇంకెవరో పట్టేస్తారని ఒకరు. కుక్కని వదిలి రానని ఇంకొకరు. ఆడా మగా విడివిడిగా పడుకోవాలంటే మంచానపడ్డ మొగుణ్ణి ఎవరు చూస్తారని ఒక ముసలమ్మ. ఇవన్నీ మనకి చిన్నవిగా కనిపిస్తాయి గానీ వాళ్ళ సంసారమంతా అందులోనే ఉంది. మూట ఎవరిది వాళ్ళ తల పక్కనే ఉండనీ, తీసుకుని గదిలో పెట్టి తాళం వేయొద్దు. కుక్కకి వరండాలో చోటివ్వు. జంటలకీ, పిల్లలున్నవాళ్ళకీ ఒక మూల తెర కట్టించు. ఒంటరి ఆడవాళ్ళకి లోపల గడియ ఉన్న గది తప్పనిసరి. మరుగుదొడ్డి దాకా దీపం వెలగాలి, తెల్లవార్లూ మేలుకుని ఉండే ఆడమనిషి ఒకరుండాలి. ఈ రెండూ కుదరకపోతే ఆడవాళ్ళని పిలవొద్దు, ముందు అవి కుదుర్చుకో.

చోటు సంగతి. 2021 నవంబరులో శేషాచలం మీద పడ్డ వానకి కపిలతీర్థం ఎలా ఉరికిందో, స్వర్ణముఖి ఎలా పొంగిందో నువ్వూ చూశావు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. కాబట్టి పల్లంలో ఉన్న హాలు ఉచితంగా ఇచ్చినా వద్దు. వ్యాన్‌ని రైల్వే అండర్‌బ్రిడ్జిల కిందుగా పోనివ్వొద్దు. కల్యాణమండపం మీద ఆశ పెట్టుకోకు, కార్తీకంలో ముహూర్తాలుంటాయి. భారీ వానలకి కలెక్టరు సెలవు ప్రకటిస్తే బడులు ఖాళీ. ఎత్తు పునాది ఉన్న బడి చూసుకుని, హెడ్‌మాస్టరుతో, పోలీసులతో, కార్పొరేషన్ వాళ్ళతో ముందే మాట్లాడి కాగితం మీద అనుమతి తీసుకో. రుయా దగ్గర తడిసేవాళ్ళలో రోగుల బంధువులూ ఉంటారు. వాళ్ళు ఆసుపత్రి వదిలి దూరం రారు, నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఇంకో చిన్న చోటు చూడు.

మనిషి లోపలికి రాగానే ఆధార్ అడగొద్దు. ఏమని పిలవాలో అడుగు, అంతే రాసుకో. ఫోటోలు అసలే వద్దు. ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక వచ్చేసినవాళ్ళుంటారు, వాట్సాప్‌లో ఒక్క ఫోటో చాలు వాళ్ళ జాడ తెలియడానికి.

ముందు తడి బట్టలు మార్పించు, ఆ తర్వాతే టీ, అన్నం. సిమెంటు నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది, టార్పాలిన్ పరిచి పైన చాప, జంపఖానా వెయ్యి. మన దగ్గర చలేముందిలే అనుకోకు. ఒళ్ళంతా తడిసి గాలి కొడితే 20 డిగ్రీల్లో కూడా ముసలిప్రాణం చల్లబడిపోతుంది. వణుకు ఆగిపోయి, మాట ముద్దయి, మగతగా ఉంటే తాగాడనుకుని వదిలేస్తారు. అట్టాంటివాళ్ళకి వెంటనే 108 పిలవాలి. నిజంగా తాగి వచ్చినా వెనక్కి పంపొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉండు. చలికి మందు మంచిదని ఎవరైనా పోస్తానంటే మాత్రం ఒప్పుకోకు, అది ఒంటిని ఇంకా చల్లబరుస్తుంది. వారాల తరబడి దగ్గుతున్నవాళ్ళకి కిటికీ పక్కన, కాస్త ఎడంగా చోటివ్వు. అన్నం మెత్తగా, కారం తక్కువగా ఉండాలి, చాలామందికి పళ్ళుండవు.

తెల్లారి ఐదింటికే లేపి పంపేయకు. వాన తెరిపివ్వనీ, బట్టలు ఆరనీ.

మే నెలలో ఎండలు మండిపోయే అగ్నినక్షత్రం రోజుల్లో కూడా ఇదే చోటు మధ్యాహ్నాలు తెరిచి ఉంచగలిగితే మంచిది. ఎండదెబ్బకి స్పృహ తప్పినవాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు. ఒళ్ళంతా తడిపి విసురుతూ, మెడకీ చంకలకీ గజ్జలకీ తడిగుడ్డలు పెడుతూ 108 కోసం చూడాలి.

మీరు చేసేది ఆ నాలుగు తుపాను రాత్రులకే. శాశ్వతంగా నడపాల్సింది ప్రభుత్వం. నగరాల్లో లక్ష జనాభాకి ఒక ఆశ్రయం చొప్పున ఏడాది పొడవునా ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. జాతీయ పట్టణ జీవనోపాధి పథకంలో మనిషికి 50 చదరపు అడుగుల లెక్క కూడా రాశారు. మన రాష్ట్రంలో ఆ పని మెప్మా, అంటే పట్టణాల్లో పేదరిక నిర్మూలన చూసే ప్రభుత్వ సంస్థ, చూస్తుంది. ఎవరెవరు ఎక్కడెక్కడ పడుకుంటున్నారో మీ దగ్గర లెక్క తయారవుతుంది కదా, పేర్లు లేకుండా ఆ అంకెలతో కమిషనరు దగ్గరికి వెళ్ళండి. ఒకసారికి పని కాదు, వెళ్తూనే ఉండండి.

నా దగ్గర దుప్పట్లు, ఉతికిన లుంగీలు, నైటీలు రెండు మూటలున్నాయి. వినాయకచవితి అయ్యాక ఆటో తీసుకుని వచ్చి పట్టుకెళ్ళు. మీ అమ్మని కూడా తీసుకురా.

ఇట్లు,
మీ పెద్దమ్మ