ఒక బావిని దాచిపెట్టు

హబ్సిగూడ, హైదరాబాద్

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

కృష్ణా–గోదావరి బేసిన్ లోతు సముద్రపు బ్రాడ్‌బ్యాండ్ (కింది, పై ఫ్రీక్వెన్సీలు రెండూ ఉన్న) సైస్మిక్ డేటా చేతికి వచ్చిందని, ఇసుకరాతి పోరాసిటీ (రాతిలో రంధ్రాల వాటా) పటం నెలాఖరుకే కావాలంటున్నారని ఫోనులో చెప్పావు. నీ గొంతులో కంగారు వినిపించింది, అందుకే రాస్తున్నాను.

మొదట ఘోస్ట్ సంగతి. మనం పంపిన ధ్వని తరంగం రాతిపొరలకు తగిలి పైకి వచ్చి, ఓడ వెనక లాగే కేబుల్‌లోని హైడ్రోఫోన్‌ను (నీటి మైక్రోఫోన్‌ను) తాకి, నీటి ఉపరితలానికి తగిలి, తలకిందులై మళ్ళీ దిగుతుంది. ఆ రెండూ కలిసిన చోట కొన్ని ఫ్రీక్వెన్సీలు చచ్చిపోతాయి. ఏవో తెలియాలంటే నీటిలో ధ్వనివేగం సెకనుకు 1500 మీటర్లనుకుని, కేబుల్ లోతుకు రెట్టింపుతో భాగించు. 7.5 మీటర్ల లోతుకు 100 హెర్ట్జ్ దగ్గర గొయ్యి, 25 మీటర్లకు 30 దగ్గరే. సున్నా దగ్గరి గొయ్యి ఎప్పుడూ ఉంటుంది. కేబుల్ పైకి వచ్చినకొద్దీ అది వెడల్పవుతుంది. అయినా పై ఫ్రీక్వెన్సీల కోసం మేము కేబుల్‌ను పైపైనే లాగి, కిందివాటిని వదులుకునేవాళ్ళం. నీటి కణాల వేగాన్ని కూడా కొలిచే కేబుళ్ళు 2007లో వచ్చాక ఎక్కే తరంగాన్ని, దిగే తరంగాన్ని విడదీయడం కుదిరింది. వాలుగా లాగే కేబుల్ ఇంకో దారి.

ఆ కింది ఫ్రీక్వెన్సీలే నీకు అసలు ఆస్తి. సైస్మిక్ డేటా పొర మారిందని చెబుతుంది కానీ, ఆ పొర ఇంపిడెన్స్ (సాంద్రత, వేగాల లబ్ధం) ఎంతో చెప్పాలంటే అవి ఉండాలి. లేనప్పుడు బావుల లాగ్‌ల (బావిలో లోతు వెంట తీసిన కొలతల) నుంచి అరువు తెచ్చుకునేవాళ్ళం. ఒకసారి నేను మూడు బావుల నుంచి అలా తెచ్చి పోరాసిటీ పటం గీశాను. ముగ్గులా ముచ్చటగా వచ్చింది. నాలుగో బావి తవ్వితే గట్టి రాయి తగిలింది. తరువాత చూసుకుంటే పటంలో మంచి రంగులన్నీ బావుల చుట్టూ గుండ్రంగా ఉన్నాయి. డేటా చెప్పింది దాదాపు ఏమీ లేదు. ఆ పటం ఇంకా నా బీరువాలో ఉంది, మీ పెద్దమ్మ పారేయనివ్వదు.

నీ డేటాలో 3 నుంచి 8 హెర్ట్జ్ మధ్య ఉన్నది రాతి నుంచి వచ్చిందా, అలల రొదా? ఆ పట్టీని మాత్రమే వడగట్టి చూడు. పొరలు పక్క ట్రేసులతో (పక్క చోట్ల రికార్డులతో) కలిసి సాగకపోతే నమ్మకు. 3 హెర్ట్జ్ కంటే కింద ఎలాగూ వేగాల నమూనా కావాలి.

ఇంపిడెన్స్ ఒక్కటే చూసి పోరాసిటీ రాయవద్దు. అది తగ్గడానికి రంధ్రాలు కారణం కావచ్చు, గ్యాస్ కావచ్చు, మెత్తని షేల్ (బంకమట్టి రాయి) కూడా కావచ్చు. దగ్గరి, దూరపు కోణాల డేటా నుంచి పి, ఎస్ వేగాల (నొక్కుతూ సాగే తరంగం, అడ్డంగా ఊగే తరంగం వేగాల) నిష్పత్తి తీసి పక్కన పెట్టుకుంటే షేల్‌ను చాలావరకు వేరు చేయగలవు. గ్యాస్ దగ్గర మాత్రం జాగ్రత్త: కొద్దిపాటి గ్యాస్ కూడా పి వేగాన్ని బాగా పడగొడుతుంది, కాబట్టి ఎంత ఉందో వేగం చెప్పదు. సాంద్రత చెప్పగలదు కానీ, దాన్ని రాబట్టడానికి చాలా దూరపు కోణాలు, శుభ్రమైన డేటా కావాలి.

నీ దగ్గర నాలుగు బావులుంటే మూడింటితోనే పని చేయి. నాలుగోదాని లాగ్‌ను ఇన్వర్షన్ (డేటా నుంచి ఇంపిడెన్స్ లెక్కగట్టడం) ముగిసేదాకా ఎవరికైనా ఇచ్చి దాచమను, తరువాత అదే నీ పటానికి పరీక్ష. నీ దగ్గరే ఉంటే ఆగలేవు, చిన్నప్పుడు దీపావళి టపాసులనే దాచుకోలేకపోయావు.

నెలాఖరు గడువు వారం జరపమని అడుగు. ఆదివారం భోజనానికి వస్తావుగా, యాంగిల్ గ్యాదర్లు (కోణాల వారీగా పేర్చిన ట్రేసులు) తీసుకురా. రంగుల పటాలు వద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న