లాంగ్‌టర్మ్ ఫీజు అక్క కట్టాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. మా ఆయన ఎరువుల కొట్లో లెక్కలు రాస్తారు. అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేశాడు. జేఈఈ మెయిన్‌లో 94 పర్సంటైల్ వచ్చి అడ్వాన్స్‌డ్ రాశాడు, ర్యాంకు రాలేదు. ఐఐటీ సీటు రావాలంటే ఇంకేం చేయాలి? విజయవాడలో లాంగ్‌టర్మ్ కోచింగ్ మంచిదా, రాజస్థాన్‌లోని కోటా పంపించాలా? ఫీజు, హాస్టలు కలిపి రెండున్నర లక్షలు అవుతుందంటున్నారు. అమ్మాయికి 25 ఏళ్ళు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి లోను, తమ్ముడి ఇంటర్ ఫీజులు తనే కట్టింది. ఇప్పుడు మాత్రం కట్టనంటోంది. గేట్ రాసి ఎం.టెక్ చేస్తుందట, డబ్బు దానికి దాచుకుందట. అప్పట్లో తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సీటొచ్చినా, ఆడపిల్లని అంత దూరం పంపలేక ఊళ్ళోనే చేర్పించాం. ఆరోజు నోరెత్తని పిల్ల ఇప్పుడు ఎదురు చెబుతోంది. స్వార్థం పెరిగింది. ఫోన్ చేసినా ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తోంది. తనకి నచ్చజెప్పేదెలా?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి గురించి చెప్పాల్సింది తక్కువే. ముందు అది చెప్పేస్తాను.

జనరల్ కోటాలో 2025లో అడ్వాన్స్‌డ్‌కి అర్హత 93.10 పర్సంటైల్. అంటే మీవాడు గీత దాటాడు, అంతే. 2025 అడ్వాన్స్‌డ్‌లో రెండు పేపర్లూ రాసినవాళ్ళు 1,80,422 మంది. వాళ్ళలో అర్హత సాధించింది 54,378 మంది, 23 ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 18 వేల పైచిలుకు. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయనిస్తారు. 2024 నవంబరులో మూడుసార్లని ప్రకటించి, ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు. కాబట్టి వచ్చే ఏడాదే వాడికి ఆఖరి అవకాశం. ఇంటర్లో 75 శాతం మార్కులో, బోర్డు టాప్ 20 పర్సంటైల్లో చోటో లేకపోతే ర్యాంకు వచ్చినా సీటివ్వరు, అది ముందు చూసుకోండి.

విజయవాడా కోటానా అన్నదాని మీద పెద్దగా ఏమీ ఆధారపడి లేదు. పాఠాలన్నీ మళ్ళీ మొదటి నుంచి వినడం వల్ల ర్యాంకు రాదు, ఎక్కడ తప్పుతున్నాడో తెలియాలి. పాత ప్రశ్నపత్రాలు అడ్వాన్స్‌డ్ వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి. ఒక ఆదివారం అసలు పరీక్షలాగే పొద్దున 9 నుంచి 12 దాకా ఒక పేపరు, మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదున్నర దాకా ఇంకోటి కూర్చుని రాయమనండి. సాయంత్రం తప్పుల్ని విడదీయమనండి: అసలు చదవనివి ఎన్ని, చదివినా అర్థంకానివి ఎన్ని, తొందరలో పోయినవి ఎన్ని. చదవనివే ఎక్కువైతే ఏడాది సరిపోదు. తొందరలో పోయినవి ఎక్కువైతే ఇంట్లో కూర్చున్నా బాగుపడతాడు. ఈఏపీసెట్‌లో వచ్చిన సీట్లో చేరి కూడా మళ్ళీ రాయొచ్చు, ఐఐటీలో చేరినవాళ్ళకే ఆ వీలు లేదు.

అన్నిటికంటే ముందు, వాడికి ఇంకో ఏడాది కూర్చోవాలని ఉందా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడు అన్న మాట ఒక్కటి కూడా కనిపించలేదు. అడగండి.

ఇక మీ అమ్మాయి సంగతి. అక్కడే నాకు మనసు కష్టమైంది.

25 ఏళ్ళంటే 2018 ప్రాంతంలో ఇంటర్ అయి ఉంటుంది. ఆడపిల్లల కోసం ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో అదనంగా సీట్లు వేయడం మొదలైన ఏడాది అది. అమ్మాయిల వాటా 14 శాతానికి తగ్గకూడదని మొదలుపెట్టి 2020కి 20 శాతం చేశారు. అలా చేయాల్సి రావడానికి ఒక కారణం ఏమిటంటే, పరీక్ష నెగ్గిన అమ్మాయిల్ని కూడా దూరమని ఇంట్లోవాళ్ళు పంపడం లేదు. మీ ఇంట్లో జరిగింది కూడా అదే. సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే ఉంచిన ఎన్ఐటీ, ఒంగోల్లో రైలెక్కితే ఒక పూట ప్రయాణం. అది మీకు దూరమైంది. ఇప్పుడు అబ్బాయిని రాజస్థాన్ పంపాలా అని అడుగుతున్నారు. ఈ రెండూ మీ అమ్మాయి పక్కపక్కన పెట్టి చూసుకోదనుకున్నారా? ఏడేళ్ళుగా చూసుకుంటూనే ఉంది.

'ఆరోజు నోరెత్తని పిల్ల' అని రాశారు. పదిహేడేళ్ళ పిల్ల, తన చదువు గురించి అమ్మానాన్నా ఒక మాట మీదుంటే ఏమని నోరెత్తుతుంది? ఆ మౌనాన్ని మీరు ఒప్పుకోలు కింద రాసుకున్నారు. ఊళ్ళో కాలేజీలోనే చదివి, బెంగళూరులో ఉద్యోగం తెచ్చుకుని, ఇంటి లోను కట్టి, తమ్ముడిని రెండేళ్ళు చదివించింది. ఆ పిల్ల మొదటిసారి 'లేదు' అన్నందుకు స్వార్థం అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోండి. ఇంతవరకూ ఆమె ముఖాన అనకపోయి ఉంటే అదే మేలు.

అక్క తమ్ముడికి చేయడం తప్పని నేను అనను. మన ఇళ్ళు అలాగే నిలబడ్డాయి, నిలబడాలని కోరుకునేదాన్నే. కానీ చేసేవాళ్ళని అడగాలి. చేసింది గుర్తుపెట్టుకోవాలి. ఫలానా నెలదాకా చాలు, తర్వాత నీ దారి నువ్వు చూసుకో అని పెద్దవాళ్ళే ముందుగా చెప్పాలి. మీరు ఇవేవీ చేయలేదు. ఒక ఫీజు అయ్యాక ఇంకో ఫీజు ఆమె ముందు పెట్టారు.

ఇంకో సంగతి మీరు రాయలేదు కానీ నాకు తోస్తోంది. మీ భయం రెండున్నర లక్షల గురించి మాత్రమే కాదు. ఆమె ఉద్యోగం మానేసి ఎం.టెక్‌లో చేరితే ఇంటి లోను ఎవరు కట్టాలని కదూ? ఆ భయం న్యాయమైనదే, నేను కాదనను. దానికి దారి వేరే ఉంది. మీవారితో కలిసి బ్యాంకుకి వెళ్ళండి, గడువు పెంచితే నెల వాయిదా ఎంతకి దిగుతుందో అడగండి. 'ఆయన మాట్లాడితే గొడవవుతుంది' అని ఈ లెక్క ఒక్కరే మోయకండి. అది తండ్రి చూసుకోవాల్సిన లెక్క.

ఎం.టెక్‌లో ఆమెకి వచ్చే స్టైపెండు నెలకి 12,400 రూపాయలు. జీతం వదులుకుని రెండేళ్ళు దాని మీద బతకాలి. ఆమె దాచుకున్నది అందుకు, అది మిగులు డబ్బు కాదు. గేట్‌కి వయసు పరిమితి లేదు, ఇన్నిసార్లే రాయాలని లేదు, వచ్చిన స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. నిజానికి మీ ఇంట్లో ఐఐటీ గడప తొక్కే అవకాశం ఇప్పుడు ఆమెకే ఎక్కువ ఉందేమో చూడండి. పొద్దంతా ఉద్యోగం చేసి రాత్రుళ్ళు చదువుకునే మనిషికి పట్టుదల ఒకరు నేర్పక్కర్లేదు.

అబ్బాయికి రేపు సీటొచ్చినా అక్క జీతమే దిక్కు కానక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపుంటే ఐఐటీ ట్యూషన్ ఫీజులో మూడింట రెండొంతులు తీసేస్తారు, లక్ష లోపైతే మొత్తం. మిగిలినదానికి పీఎం విద్యాలక్ష్మి కింద తాకట్టు లేకుండా బ్యాంకు అప్పిస్తుంది. ఉద్యోగం వచ్చాక వాడే తీర్చుకుంటాడు, తీర్చుకోవాలి కూడా.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే. అమ్మాయికి ఫోన్ చేయండి. తమ్ముడి మాట, ఫీజు మాట, పెళ్ళి మాట ఎత్తకండి. 'అప్పుడు నిన్ను గూడెం పంపించాల్సింది, పంపలేదు, మాదే తప్పు' అనండి. 'నీ మంచికోసమే చేశాం' అని దాని చివర అతికించకండి, అన్నది మొత్తం పోతుంది. ఆమె కోప్పడితే వినండి. పాతవన్నీ తవ్వితే తవ్వనివ్వండి, మధ్యలో సంజాయిషీ చెప్పుకోవద్దు. గేట్ ఎప్పుడుంది, ఏ ఊళ్ళో రాస్తున్నావు, సెలవు దొరుకుతుందా అని అడగండి. ఒక్క ఫోన్‌తో అంతా సర్దుకోదు. ఆమెకి నమ్మకం కలగడానికి నెలలు పట్టొచ్చు.

లాంగ్‌టర్మ్ వాళ్ళు రేపే ఆఖరి తేదీ అని తొందరపెడతారు, పట్టించుకోకండి. అబ్బాయి ఆదివారం పేపర్లు రాశాక, వాడి మాట విన్నాక, మీరూ మీవారూ కూర్చుని డబ్బు లెక్క చూసుకోండి. అందులో అమ్మాయి వాటా సున్నా అని రాసుకునే మొదలుపెట్టండి. అప్పుడు రెండున్నర లక్షలు కుదరకపోతే వాడు ఈఏపీసెట్ సీట్లో చేరతాడు. ఐఐటీ కాన్పూర్ నడిపే 'సాథీ' వెబ్‌సైట్లో పాఠాలు, పరీక్షలు ఉచితమే. అవి చూసుకుంటూ జనవరిలో మెయిన్ రాస్తాడు, ఏప్రిల్లో మళ్ళీ రాస్తాడు, రెంటిలో మెరుగైనదే లెక్కలోకి తీసుకుంటారు.